పాత కారు – కొత్త గొంతు

తెలుగులో ‘కారు’ అనే మాట మోటారు బండి పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందునుండే ఉన్నది. నీరు కారుతుంది. మబ్బు కారుమబ్బు అవుతుంది. కారు అనగా వానకాలమని నిఘంటువులు చెప్పుతున్నవి. ఆంగ్లేయుల వెంట వచ్చిన మోటారు కారుకు ఈ అర్థాలలో దేనితోనూ చుట్టరికం లేదు. అయినను పాత కారు గల గృహస్థునెవరినైనా శ్రావణమాసంలో పలుకరించి చూడండి. కారుమబ్బు పట్టిన వైనం, కారు కారిన వైనం, తలుపు అడుగున నీరు నిలిచి రేడియో గొంతు బొంగురుపోయిన వైనం ఆయనే పూసగుచ్చినట్లు చెప్పుతాడు.

ఆ బొంగురు గొంతే ఈ వ్యాసానికి విషయం. పాత కారులో పాడైన స్పీకరును మార్చుకోవడం మోటారు విద్యలో అక్షరాభ్యాసం వంటిది. అందులో ప్రాణభయం లేదు. కావలసిన పనిముట్లు నాలుగైదుకు మించవు. ఒక ఆదివారం ఉదయం మొదలుపెడితే మధ్యాహ్న భోజనానికి ముందే ముగుస్తుంది. అయినను పెద్ద మరమ్మత్తులకు కావలసిన వివేకమంతా ఆ చిన్న పనిలో ఇమిడి ఉన్నది. ఒక వస్తువును మార్చడానికి ముందు అది ఎందువల్ల పాడైనదో విచారించడమే ఆ వివేకం. కారణం తెలియక మార్చిన స్పీకరు మరుసటి వానకాలం వరకే పలుకుతుంది.

స్పీకరు అనగానే పత్రికా పాఠకులకు శాసనసభ జ్ఞాపకం రావడం సహజం. అక్కడి స్పీకరు ఇతరులను మాట్లాడనిచ్చేవాడు. ఇక్కడిది తానే మాట్లాడేది. కాని అదీ సొంత మాట కాదు. రేడియో పెట్టె పంపిన విద్యుత్తును గాలిలో కదలికగా మార్చి మనకు వినిపించడమే దాని ఉద్యోగం.

ఎవరి కార్లు? ఎన్నేండ్లవి?

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట – ఈ మూడూళ్ల వీధులలో నేటికిని ‘ఏ.పి. 36’ అనే అక్షరాలతో తిరిగే కార్లు కనిపిస్తున్నవి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట కొత్త బండ్లకు ‘టి.ఎస్.’ వచ్చింది, 2024 మార్చి నుండి ‘టి.జి.’ వచ్చింది. కనుక ఏ.పి. 36 చూడగానే ఆ బండి వయస్సు పన్నెండేండ్ల పైమాటేనని గ్రహించవచ్చు. వీనిలో మారుతి 800 బండ్లు కొన్ని. 1983 డిసెంబరు 14న తొలి మారుతి తాళపుచెవులను ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందించారు; 2014 జనవరిలో దాని నిర్మాణం ఆగిపోయింది. అంతకంటె పెద్దవయస్సు అంబాసిడరుది. ఉత్తరపారా కర్మాగారంలో 1950 దశకం చివర మొదలై, 2014 మే నెలలో దాని నిర్మాణమూ ఆగినది. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు దానికి మాతృక. బొంబాయిలో తయారైన ఫియట్ 1100, 1970 దశకం నడుమ ప్రీమియర్ పద్మిని అనే పేరు ధరించి మరి పాతికేండ్లు బ్రతికినది. ఇవన్నియు నేడు కర్మాగారం లేని కార్లు. బాగుచేసేవాడు ఉన్నంతకాలమే ఇవి ఉంటవి.

చట్టం కూడ వీనిని గమనిస్తూనే ఉన్నది. సొంత వాడుక కారుకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీలో నెగ్గితే ఐదేసి ఏండ్ల చొప్పున పొడిగిస్తారు. ఈ పొడిగింపునకు 600 రూపాయలుగా ఉన్న రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయినది. ఇరువదేండ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. పాత బండి పొగను, ప్రమాదాన్ని తగ్గించడం దీని ఉద్దేశ్యం, దానిని కాదనలేము. కాని ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయునికి, మందులకై నెలకొకసారి పల్లెనుండి నగరానికి వచ్చే వృద్ధ దంపతులకు, కొత్త కారు కొనే స్తోమత ఉండదు. బండి తనిఖీలో నెగ్గడమా, ఇనుప తుక్కు క్రింద పోవడమా అన్నది వారి విషయంలో చిన్న చిన్న మరమ్మత్తులు వేళకు జరగడం మీద ఆధారపడి ఉన్నది. అందుచేత ఈ విద్య వినోదం కోసం మాత్రమే కాదు.

గొంతు నిర్మాణం

స్పీకరును వెనుకకు త్రిప్పి చూస్తే మొదట కనిపించేది బరువైన గుండ్రని సూదంటురాయి. దాని నడుమ సన్నని సందులో రాగితీగ చుట్ట ఒకటి వ్రేలాడుతూ ఉంటుంది. ఆ చుట్టకు కాగితంతోనో, ప్లాస్టిక్కుతోనో చేసిన గరాటు అతికించబడి ఉంటుంది. దీనినే పనివారు ‘కోను’ అంటారు. రేడియో నుండి విద్యుత్తు వచ్చినపుడు తీగచుట్ట తానొక అయస్కాంతమై, సూదంటురాయి ఆకర్షణకును వికర్షణకును లోబడి ముందుకు వెనుకకు కదులుతుంది. దానితో గరాటు కదులుతుంది. గరాటుతో గాలి కదులుతుంది. గాలి కదలికే పాట. అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ప్రకటించిన నిర్మాణం ఇది. ఈ నూరేండ్లలో పదార్థాలు మారినవి గాని సూత్రం మారలేదు. 1930లో అమెరికాలోనే గాల్విన్ సోదరులు మోటొరోలా పేరుతో కారు రేడియోను అమ్మసాగారు. ఆనాటినుండి ప్రయాణానికి పాట తోడైనది.

ఈ నిర్మాణం తెలిస్తే రోగాలు ఎన్ని విధాలో తామే తెలుస్తవి. కాగితపు గరాటు నీటికి నాని చిరిగితే ధ్వనిలో గరగర పుడుతుంది. గరాటు అంచున ఉండే మెత్తని పట్టీ ఎండకు పెళుసై విడిపోతే పెద్ద శబ్దంలో పటపట వినిపిస్తుంది. సందులో దుమ్ము, తుప్పు చేరితే తీగచుట్ట రాచుకొని గీసినట్లు మ్రోగుతుంది. తీగ కాలిపోతే మౌనం. వరంగల్లులో రోహిణికార్తె ఎండ కాగితాన్ని, రబ్బరును ఎండబెట్టుతుంది. తరువాత వచ్చే ముసురు వానలు తలుపులోకి నీరు దింపుతవి. ఈ రెంటి నడుమ పదేండ్లు నిలిచిన కాగితపు స్పీకరు నిజంగా గట్టిదే.

రోగ నిర్ణయం

అయితే స్పీకరు పలుకకపోతే దోషం స్పీకరుదేనని తీర్పు చెప్పరాదు. దోషులు ముగ్గురు ఉండవచ్చు: రేడియో సెట్టు, స్పీకరు, ఆ రెంటిని కలిపే వైరు. ముగ్గురిలో బీదదైన వైరుమీదనే మనకు అనుమానం ఆలస్యంగా కలుగుతుంది.

మా ఇంటి కారు 2007 నాటి మారుతి. ఒక వానకాలంలో దాని కుడివైపు స్పీకరు ఆగి ఆగి పలుకసాగింది. సామాన్లు అమ్మే ఒక దుకాణంలో చూపితే సెట్టుతో సహా అన్నింటిని మార్చవలెనన్నారు. ఖర్చు లెక్క కూడ కాగితం మీద వేసి ఇచ్చారు. తిరుగు దారిలో, ఆ దుకాణంతో సంబంధం లేని ఒక వృద్ధ మెకానిక్కును అడిగితే ఆయన రేడియో ముట్టుకోలేదు. పాట పెట్టించి తలుపును మెల్లగా తెరిచి మూసినాడు. తలుపు ఒక కోణానికి రాగానే పాట వచ్చింది, దాటగానే పోయింది. “సార్, స్పీకరు మంచిగనే ఉన్నది. మడతబందు కాడ తీగె తెగింది” అన్నాడు. తలుపు తెరిచి మూసిన ప్రతిసారి వైరు అక్కడ వంగుతుంది. వేలసార్లు వంగిన రాగితీగ పై తొడుగు చెక్కుచెదరకుండానే లోపల విరిగిపోతుంది. జానెడు కొత్త వైరుతో పని ముగిసినది. ఆ మెకానిక్కు చేసిన పరీక్షకు పరికరమే అవసరం లేదు. శ్రద్ధగా వినడమే పరీక్ష.

ఈ విచారణను ఎవరైనను ఒక క్రమంలో చేయవచ్చు. సెట్టులోనే కుడి ఎడమల ధ్వనిని మార్చే ఏర్పాటు ఉంటుంది. మొదట దానితో ఏవైపు మూగదో తేల్చుకోవలెను. పిమ్మట సెట్టు వెనుక కుడి వైరును ఎడమకు, ఎడమ వైరును కుడికి మార్చి కలుపవలెను. మౌనం కూడ వైపు మారితే దోషం సెట్టుది. మారక అక్కడనే ఉంటే వైరుదో స్పీకరుదో అయి ఉండవలెను. అపుడు స్పీకరును విప్పి, గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లును దాని రెండు కొనలకు క్షణకాలం తాకించవలెను. ‘టక్’మని పలికి గరాటు కదిలిందా, స్పీకరు బ్రతికి ఉన్నదన్నమాట, మిగిలిన దోషి వైరే. కదలకపోతే తీగచుట్ట కాలినది. మల్టీమీటరు గలవారు ఓముల లెక్కన చూడవచ్చు. కారు స్పీకర్లు సాధారణంగా నాలుగు ఓములవి. మీటరులో మూడుకు పైన, నాలుగుకు కొంచెం లోపుగా అంకె వస్తుంది. ఏ అంకెయు రాకపోతే తీగ తెగినట్లే.

విప్పుట – తిరిగి కూర్చుట

హనుమకొండ వేయిస్తంభాల గుడిని 1163లో కట్టించినవాడు కాకతి రుద్రదేవుడు. శిథిలమైన దాని కల్యాణమండపాన్ని 2006 ప్రాంతంలో పురావస్తు శాఖవారు విప్పి, పునాది నుండి మళ్లీ కట్టారు. 2024 మార్చి 8న మహాశివరాత్రినాడు అది తిరిగి తెరువబడినది. దేవాలయాల విషయంలో ఇట్టి పనిని జీర్ణోద్ధరణ మంటాము. ఏ రాయి ఎక్కడిదో గుర్తు లేకుండ విప్పినవాడు తిరిగి కట్టలేడు. కారు తలుపు విప్పేవానికి కూడ ఇదే ధర్మం. విప్పిన క్రమంలో మరలను ఒక పళ్లెంలో వరుసగా పెట్టుకోవలెను. నేడు ప్రతివారి చేతిలోను కెమెరా ఉన్న ఫోను ఉన్నది గనుక విప్పడానికి ముందొక ఛాయాచిత్రం తీసుకొనుట మరింత మేలు.

మొదట బానెట్టు ఎత్తి బ్యాటరీ నెగెటివు తీగను విప్పవలెను. పాజిటివును ముందు విప్పబోతే పానా బండి ఇనుముకు తగిలి నిప్పు రవ్వలు ఎగురుతవి. బిగించేటపుడు క్రమం తలక్రిందులు: పాజిటివు ముందు, నెగెటివు చివర. విప్పినపుడు కొన్ని సెట్లలో గడియారం, దాచుకొన్న స్టేషన్లు చెరిగిపోతవి. అది రోగం కాదు.

తరువాత తలుపు లోపలి అట్ట. పాత బండ్లలో అద్దం దించే పిడి ఒక సన్నని ఉక్కు క్లిప్పుతో బిగించబడి ఉంటుంది. అది పైకి కనిపించదు. తెలియనివారు పిడిని బలంగా లాగి విరగగొట్టుతారు. తెలిసినవారు ఒక పాత గుడ్డపేలికను పిడికిని అట్టకును నడుమ దూర్చి, బూట్లు తుడిచినట్లు అటు ఇటు లాగుతారు. గుడ్డ అంచుకు క్లిప్పు చిక్కి ఊడి వస్తుంది. చేతికి అందే చెక్కపలక, తలుపు తెరిచే పిడి చుట్టునున్న తొడుగు – వీని మరమేకులను తీసిన మీదట అట్ట అంచులనున్న బిరడాలను ఒకటొకటిగా ఎత్తవలెను. స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టుకొంటే రంగు గీసుకపోదు.

అట్ట వెనుక ఒక పలుచని ప్లాస్టిక్కు తెర కనిపిస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క విషయమే జ్ఞాపకముంచుకోదలచిన పాఠకుడు దీనిని జ్ఞాపకముంచుకొనుగాక. అద్దం ప్రక్కనుండి వాననీరు తలుపు లోపలికి దిగకుండ ఏ రబ్బరూ పూర్తిగా ఆపలేదు. కారు కట్టినవారికి ఈ సంగతి తెలుసు. అందుకే తలుపు అడుగు అంచున రెండు మూడు రంధ్రాలు పెట్టినారు. లోపలికి దిగిన నీరు ఆ రంధ్రాలగుండ క్రిందికి పోతుంది. ఆ నీరు అట్టకును, స్పీకరుకును తగలకుండ అడ్డుగా ప్లాస్టిక్కు తెర అతికినారు. ఏనాడో తొందరలో ఉన్న పనివాడు తెరను చించి పారవేసి ఉంటాడు. రంధ్రాలలో బురద, ఆకులు కూరుకపోయి ఉంటవి. తలుపు తొట్టి అవుతుంది, అట్ట ఉబ్బుతుంది, తలుపు అడుగు తుప్పు పట్టుతుంది, స్పీకరు నానిపోతుంది. స్పీకరు మరణానికి నిజమైన కారణం ఇది. ఒక సన్నని పుల్లతో రంధ్రాలను తెరిచి, మందపాటి ప్లాస్టిక్కు కాగితాన్ని కొలతకు కత్తిరించి మళ్లీ అతికితే, స్పీకరుతో పాటు తలుపు కూడ దక్కుతుంది. తుప్పు తిన్న తలుపు ముందు స్పీకరు వెల ఎంత?

క్రొత్త స్పీకరు కొనేటపుడు వెడల్పుతో పాటు లోతు కూడ కొలవవలెను. పాత దాని అంగుళాల లెక్క ఎంతో అంతదే తేవలెను. అయస్కాంతం మరీ వెనుకకు పొడుచుకొని ఉంటే క్రిందికి దించిన అద్దం దానికి తగులుతుంది. బిగించడానికి ముందు అద్దాన్ని పూర్తిగా దించి చూచుకోవడం పెద్దల ఆచారం. డబ్బామీద పెద్ద అక్షరాలతో వేసిన వందల వాట్లు చూచి భ్రమపడరాదు. అవి క్షణకాలపు గరిష్ఠ లెక్కలు. ఎడతెగకుండ భరించే శక్తిని ‘ఆర్.ఎం.ఎస్.’ అని వేరుగా వ్రాస్తారు, చూడవలసినది అదే. ఓములు సెట్టు కోరినన్ని ఉండవలెను. అంతకు తక్కువ ఉంటే సెట్టు వేడెక్కి చెడుతుంది. వానకు జడిసేవారు కాగితపు గరాటుకు మారుగా ప్లాస్టిక్కు గరాటు గలదానిని ఎన్నుకోవచ్చు.

స్పీకరుకు రెండు కొనలు. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. తారుమారైతే స్పీకరు చెడదు గాని ఒకవైపు గరాటు ముందుకు వస్తుంటే రెండవవైపుది వెనుకకు పోతుంది. రెండు గాలులు ఒకదానినొకటి కొట్టుకొని మృదంగం, తబలా వంటి మంద్ర ధ్వనులు పలుచబడుతవి. కొత్త స్పీకర్లు వేసినా “పాటలో బలం లేదు” అని నిట్టూర్చేవారిలో కొందరి కష్టం ఇదే. సెల్లుతో పరీక్షించినపుడు ప్లస్సుకు ప్లస్సు తాకితే గరాటు బయటికి రావలెను. గుర్తులు చెరిగిన పాత స్పీకరుకు కూడ ఈ ఉపాయం పనిచేస్తుంది. బజారు సెట్లలో సాధారణంగా ముందు ఎడమకు తెలుపు, ముందు కుడికి బూడిదరంగు, వెనుక ఎడమకు ఆకుపచ్చ, వెనుక కుడికి ఊదా వైర్లు ఉంటవి. నల్లగీత ఉన్నది మైనస్సు. అయినను పదిమంది చేతులు పడిన పాత బండిలో రంగును నమ్మరాదు, పరీక్షించి నమ్మవలెను. పూర్వపు సెట్లలో కొన్నింటికి మైనస్సును బండి ఇనుముకే కలిపేవారు. నేటి సెట్లకు ఆ పని చేస్తే సెట్టు కాలిపోవచ్చు. ప్రతి స్పీకరుకు రెండేసి వైర్లు సెట్టు వరకు విడిగా పోవలెను. అతుకులకు నల్లటేపు చుట్టితే మన ఎండకు దాని జిగురు కరిగి జారిపోతుంది. వేడికి బిగుసుకొనే గొట్టపు తొడుగు వేయడం మేలు.

అక్షరాభ్యాసం తరువాత

స్పీకరు పని చేసిన చేతికి మరి నాలుగు పనులు సులభంగా పట్టుబడుతవి. బ్యాటరీ కొనలమీద పేరుకొనే తెల్లని, పచ్చని పొడిని వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరిన పిమ్మట కొంచెం వాసెలిను పూయవచ్చు. “సెల్ఫు తీసుకోవడం లేదు” అనే ఫిర్యాదులు కొన్ని దీనితోనే తీరుతవి. విశ్రాంతిగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నపుడు 14కు అటూ ఇటూ రాకపోతే దోషం బ్యాటరీది కాదు, దానికి విద్యుత్తును అందించేదానిది. ఈ తేడా తెలియకనే కొందరు ఏడాదికొక బ్యాటరీ కొంటారు.

ఫ్యూజులకు రంగులే భాష. ఎరుపు పది ఆంపియర్లు, నీలం పదునైదు, పసుపు ఇరువది, ఆకుపచ్చ ముప్పది. ఫ్యూజు ఎగిరితే అంతే లెక్కగలది వేయవలెను. పెద్దది వేయడమో, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టడమో కాపలాదారును పంపివేసి ఇల్లు తెరిచిపెట్టినట్లు. ఫ్యూజు రెండవసారి ఎగిరినదనగా ఎక్కడో వైరు ఇనుముకు తగులుతున్నదని అర్థం. వైపరు రబ్బరు, గాలి వడపోత, దీపాల బల్బులు, అద్దం కడిగే నీళ్ల గొట్టం – ఇవి కూడ గృహస్థుని చేతి పనులే. తనిఖీలో దీపం వెలుగకపోయినా, వైపరు తుడువకపోయినా బండి తిరిగి రావలసివస్తుందన్న మాట మరువరాదు.

హద్దు కూడ చెప్పవలెను. బ్రేకులు, స్టీరింగు, పెట్రోలు గొట్టాలు, గాలిసంచులు ఉన్న బండ్లలో వాని పసుపుపచ్చ తీగలు – వీనిలో చేయి పెట్టరాదు. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి క్రిందికి ఎన్నడూ దూరరాదు. 2023 జూలైలోను, 2025 అక్టోబరులో మొంథా తుపానునాడును వరంగల్లు, హనుమకొండ కాలనీలలో కార్లు నీట మునిగినవి. అట్లు మునిగిన బండికి తాళపుచెవి తిప్పి చూడడం అన్నిటికంటె పెద్ద ప్రమాదం. సిలిండరులో నిలిచిన నీరు నలగదు. బదులుగా లోపలి కడ్డీలు వంగుతవి. బ్యాటరీ విప్పి, బండిని లాగించుకొని పోవడమే కర్తవ్యం. ఏది తాను చేయవచ్చునో, ఏది చేయరాదో తెలియడం కూడ ఈ విద్యలో ఒక పాఠమే.

షెడ్డులోని నిఘంటువు

భాషాబోధకునికి మెకానిక్కు షెడ్డు ఒక పాఠశాల. వరంగల్లు షెడ్డులో పెద్ద పనివాడు ఉస్తాదు. స్పానరు పానా, స్క్రూడ్రైవరు పేచ్‌కస్. పెట్రోలులో మలినం చేరితే ‘కచ్రా వచ్చింది’. ఇంజను తడబడితే ‘మిస్సింగు కొడుతున్నది’. మరమ్మత్తు అనే మాట కూడ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా మనకు వచ్చినది. అదనపు చక్రాన్ని దేశమంతట స్టెప్నీ అంటాము. వేల్సు దేశంలోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ అనే వీధి ఉన్నది. అక్కడి డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రం తయారుచేసి, తమ వ్యాపారానికి ఆ వీధి పేరు పెట్టారు. మన మెకానిక్కు నోట ఆ వీధి నేటికిని బ్రతికి ఉన్నది.

1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటంలో వ్యవసాయపు మాటలను సేకరించి అచ్చువేశారు. 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు ఊరూర ఉన్న పేర్లు అందువల్ల మనకు దక్కినవి. మోటారు షెడ్డు మాటలకును అట్టి సేకరణ జరగవలసి ఉన్నది. ఇవి అరువు మాటలని చిన్నచూపు తగదు. మాటతో పాటు దాని వెనుకనున్న జ్ఞానం పోతుంది. ‘గరగర’, ‘పటపట’, ‘గీత’ అని శబ్దాన్ని మూడు విధాలుగా చెప్పగల ఉస్తాదు మూడు రోగాలను వేరుచేసి ఎరుగును. ఆ విద్య ఏ పుస్తకంలోను లేదు. ఆయన చెవిలో ఉన్నది. ప్రక్కన నిలిచి పానా అందించే కుర్రవాడు ఉంటేనే అది ఆ చెవినుండి మరొక చెవికి చేరుతుంది.

నేటి కొత్త కార్లలో ఆ కుర్రవానికి పని తగ్గుతున్నది. స్పీకరును మరమేకులతో గాక రివెట్లతో బిగిస్తున్నారు. రేడియో సెట్టు విడి పెట్టె కాక బండి కంప్యూటరుతో కలిసిపోయిన తెర అవుతున్నది. విప్పడానికి వీలులేనిది బాగుచేయడానికి వీలులేదు, మార్చడమే గతి. ఈ బెడదను ప్రభుత్వమూ గుర్తించినది. మరమ్మత్తు హక్కును గూర్చి కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ఒక సంఘాన్ని నియమించినది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలతో పాటు మోటారు వాహనాలను కూడ దాని పరిధిలో చేర్చారు. హక్కు చట్టంలోకి రావచ్చు. కాని దానిని వినియోగించుకొనడానికి విప్పి చూడగల చేతులు, విని చెప్పగల చెవులు కూడ ఉండవలెను. అవి శాసనంతో పుట్టవు, అభ్యాసంతో పుట్టుతవి.

కాబట్టి ఇంటిముందు పాత కారు గలవారికి ఒక మనవి. ఈసారి దాని గొంతు బొంగురుపోయినపుడు వెంటనే దుకాణానికి తోలుకొనిపోవద్దు. ఇంటిలోని పిల్లలను దగ్గరకు పిలిచి, తలుపును మెల్లగా తెరిచి మూసి వినుమనండి. అడుగు రంధ్రాలలో పుల్ల పెట్టి చూడుమనండి. గోడ గడియారంలోని సెల్లు తెచ్చి ‘టక్’మనిపించుమనండి. కారణం వారి చేతనే చెప్పించి, కావలసిన వస్తువు అప్పుడు కొనండి. సాయంకాలానికి ఆకాశవాణి వరంగల్లు కేంద్రం కుడి ఎడమల రెండు స్పీకర్లలోను సమంగా వినిపిస్తుంది. మరుసటి వానకు కారుమబ్బు పట్టినపుడు తలుపులోకి దిగిన నీరు దాని దారిని అది పోతుంది.